చేసినవాడు చెయ్యి పెట్టకూడదు

మా ఊళ్ళో ఇంట్లో బీరు కాచుకునేవాళ్ళ సంఘానికి నియమాలు పెద్దగా లేవు. తాగి బండి నడపకూడదు, తెచ్చిన సీసాలు కడిగి తేవాలి, అంతే. కానీ ఎక్కడా రాయని నియమం ఒకటుంది. ఎవడైనా కొత్త పనిముట్టు తయారుచేసి తెస్తే, సంఘం దాన్ని పరీక్షించేటప్పుడు చేసినవాడు చెయ్యి పెట్టకూడదు. చెయ్యి పెట్టకపోవడం ఒక్కటే కాదు, షెడ్డులోనే ఉండకూడదు. బయట కూర్చోవాలి. తన వస్తువు తన చేతిలో ఎలాగూ పనిచేస్తుంది, పక్కవాడి చేతిలో పనిచేస్తేనే అది వస్తువు అని మా అధ్యక్షుడు రెక్స్ సిద్ధాంతం. జీవితమంతా స్కూలు బస్సు నడిపినవాడు కాబట్టి, అతను ఏం చెప్పినా అందరూ ఎక్కడివాళ్ళక్కడ కూర్చుని వింటారు.

మంచి నియమమే అనుకునేవాణ్ణి నేను, నా మీదికి వచ్చేదాకా.

నాకు యాభై దాటాయి. పదిహేనో ఏట బడి మానేసి రేకుల పనిలో చేరాను. ఈ ద్వీపకల్పంలో బార్లీ పండించే రైతుల పొలాల్లో కనిపించే ధాన్యం గాదెలకీ నీళ్ళ ట్యాంకులకీ సగానికి సగం అతుకులు వేసింది నా చేతులే. కిందటేడు మా యజమాని స్థలం అమ్మేసుకుని సముద్రం ఒడ్డుకి కాపురం మార్చాడు. మాకు తలా ఒక మాంసం కూరిన పేస్టీ పెట్టి, చెయ్యి కలిపి పంపించాడు. ఇప్పుడక్కడ పడవలు దాచుకునే అద్దె షెడ్లు కట్టారు. వాటి రేకులు ఎక్కణ్ణుంచో వచ్చాయి, ముందే వంచి, ముందే చిల్లులు పొడిచి.

ఆ తర్వాత నన్ను పిలిచి పని ఇస్తానన్నవాడు ఒక్కడే, నా బావమరిది నెవ్. వాడూ మా సంఘంలో సభ్యుడే. వాడికి ఖాళీ సీసాల డిపో ఉంది. ఊరంతా తాగిన సీసాలూ డబ్బాలూ అక్కడికి తెచ్చి పోస్తుంది. వాటిని రంగుల వారీగా ఏరి తొట్లలో వెయ్యాలి. రోజంతా నిలబడే పని. పులిసిన వాసన, కందిరీగలు. "ఈస్టర్ అవగానే వచ్చెయ్ బావా. తెల్లసీసాల వైపు నిలబెడతా, అది తేలిక" అన్నాడు నెవ్. మంచి మనసుతోనే అన్నాడు. నాకు మండింది కూడా అందుకే.

దాన్ని తప్పించుకోడానికి నాకు మిగిలిన దారి ఒక చిల్లుల పళ్ళెం.

ఇంట్లో బీరు కాచేవాళ్ళందరికీ ఉన్న తలనొప్పి ఒకటే. మాల్టు అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ. ఆ గింజల్ని నలగ్గొట్టి, వేడి పోనివ్వని ఐస్‌పెట్టెలో వేడినీళ్ళు పోసి నానబెడతాం. అది జావ అవుతుంది. ఆ జావలోంచి తీపి నీళ్ళు పెట్టె అడుగున ఉన్న కుళాయిలోంచి కిందికి దిగి రావాలి, పొట్టూ పిప్పీ పైన ఆగిపోవాలి. ఆ నీళ్ళని కాచి పులియబెడితే బీరు. దిగాల్సిన నీళ్ళు దిగకుండా జావ సిమెంటులా పట్టేసిందనుకోండి, ఆ రోజంతా దండగ. ఈ దేశంలో చాలామంది ఈ గొడవంతా ఎందుకని కర్టెన్ గుడ్డతో సంచి కుట్టుకుని, గింజలు అందులో పోసి, చివర్న సంచి పైకి ఎత్తేస్తారు. తెలివైన పనే. కానీ తడిసిన గింజల సంచి బాగా మేపిన కుక్కంత బరువుంటుంది, పైగా సలసలకాగే నీళ్ళు కారుస్తూ ఉంటుంది. దాన్ని ఎత్తి నడుము పట్టించుకున్నవాళ్ళు మా సంఘంలోనే చాలామంది ఉన్నారు.

నేను మొదట రాగి గొట్టానికి రంపంతో గాట్లు పెట్టి పెట్టె అడుగున పడుకోబెట్టాను. గాట్లలో పొట్టు ఇరుక్కుంది. తర్వాత సింకు కింద ఉండే స్టీలు అల్లిక గొట్టం కోసి పెట్టాను. వేడి జావ బరువుకి అది లారీ తొక్కిన పాములా చదునైపోయింది. చివరికి తుప్పుపట్టని స్టీలు రేకు తీసుకుని, పెట్టె అడుగుకి సరిగ్గా పట్టేలా కోసి, సన్నటి చిల్లులు పెట్టి, కింద కాళ్ళు అతికి, ఒక పళ్ళెం చేశాను. పొట్టు ఆ పళ్ళెం మీద పొరలా పరుచుకుంటుంది. అసలు వడపోత ఆ పొట్టుపొరే. పళ్ళెం దాన్ని మొయ్యడానికి, అంతే.

మా ఊళ్ళో బీరుకి చేదునిచ్చే హాప్స్ పూలు, మాల్టు, సీసా మూతలు అమ్మే కొట్టు ఒకటుంది. నడిపేది కెర్రీ అనే ఆవిడ. పళ్ళెం తీసుకెళ్ళి చూపిస్తే అటూ ఇటూ తిప్పి, అంచుల మీద బొటనవేలు రాసి, సంఘం పాస్ చేస్తే నా గోడకి తగిలిస్తాను, ఎన్ని చేస్తే అన్ని తీసుకుంటాను అంది.

నా భార్య గ్లెనిస్ వృద్ధాశ్రమంలో పనిచేస్తుంది. ముసలివాళ్ళని ఎత్తీ దించీ అలిసిపోయి ఇంటికొచ్చేసరికి బట్టలుతికే గదిలో నేను జావ కలుపుతూ కనిపించేవాణ్ణి. ఈస్టర్ దాకా దీంతో కుస్తీ పట్టు, ఆ తర్వాత నోరుమూసుకుని మా తమ్ముడి దగ్గరికి వెళ్ళు, ఈలోగా నా వాషింగ్ మెషీన్ మీద మాత్రం ఒలకబొయ్యకు అంది. న్యాయమైన మాటే. నాకు న్యాయమైన మాటలంటే చిరాకు.

మొదటి పరీక్ష, మాకు నిండు వేసవైన ఫిబ్రవరి ఎండల్లో పెట్టారు. సంఘం షెడ్డు పాత రైల్వే గోడౌను. రేకు కప్పు, వెనకాల ఒక కిటికీ. లోపల ఆ మండే వేడిలో మరిగే నీళ్ళ బానలు పెట్టుకుని మగవాళ్ళు చెమటలు కక్కుతున్నారు. పరీక్షకి సగానికి సగం గోధుమ కలపాలని రెక్స్ పెట్టిన షరతు. గోధుమకి బార్లీకున్నట్టు పై పొట్టుండదు, జావ జిగురులా తయారవుతుంది. దాన్ని వడకడితే ఇక దేన్నైనా వడకట్టొచ్చు. నాకేం భయం లేదు. ఇంట్లో గోధుమతోనే వారం విడిచి వారం చేసి చూసుకున్నాను, ఒక్కసారి కూడా ఆగలేదు.

నన్ను బయటికి పంపారు. గోడ నీడలో మిసెస్ రాడా పేస్టీల ట్రే పెట్టుకుని కూర్చునుంది. ఎనభై దగ్గరపడ్డ మనిషి. మెథడిస్టు చర్చి ఆడవాళ్ళందరికీ పెద్ద. చిన్నప్పుడు నాకు ఆదివారం బడిలో పాఠాలు చెప్పింది. చర్చి కప్పు బాగుచేయించడానికని శనివారాలు మా షెడ్డు ముందు పేస్టీలు అమ్ముతుంది. కానీ ఆవిడ వచ్చేది పేస్టీలు అమ్మడానికే కాదు, మనుషుల్ని పట్టుకోడానికి. మే నెలలో మా ఊళ్ళో కార్నిష్ పండుగ. రాగి గనుల్లో పనిచెయ్యడానికి సముద్రాలు దాటి కార్న్‌వాల్ నుంచి వచ్చిన తాతల పేరు మీద చేసుకుంటాం. ఆ పండక్కి చర్చి ఆడవాళ్ళు స్వాంకీ కాస్తారు. మాల్టు, హాప్స్, అల్లం, ఎండుద్రాక్ష వేసి పులియబెట్టేది. జీవితంలో చుక్క ముట్టని ఆడవాళ్ళంతా కలిసి చేసేది. అది బీరు కదా అని ఎవరైనా అంటే, కాదు స్వాంకీ అంటారు. అక్కడితో ఆ చర్చ అయిపోయినట్టే.

వాళ్ళు గింజలు దిండు గలీబులో పోసి నానబెడతారు. ఆ తడి గలీబు ఎత్తడానికి మగవాళ్ళెవరైనా రావాలి. కిందటేడు వస్తామన్నవాళ్ళు ఎవరూ రాకపోతే హేజల్ అనే ఆవిడ తనే ఎత్తబోయి నడుం పట్టేసి పండగంతా మంచం మీదే ఉంది. ఈసారన్నా ఎవరైనా వస్తారా అని మిసెస్ రాడా ప్రతి శనివారం అడుగుతుంది. అందరూ తప్పకుండా అంటారు, పేస్టీ నోట్లో పెట్టుకుని.

మేం ఆ కబుర్లలో ఉండగానే లోపల్నుంచి నా పేరు పిలిచారు. వెళ్ళి చూస్తే కుళాయి బార్లా తెరిచి ఉంది, కింద బక్కెట్లో నాలుగు చుక్కలున్నాయి. జావ రాయిలా బిగుసుకుపోయింది.

"పట్టేసింది బావా" అన్నాడు నెవ్, చనిపోయినవాడి ఇంట్లో మాట్లాడే గొంతుతో.

ఇక సలహాలు మొదలయ్యాయి. చిల్లులు మరీ సన్నమన్నాడొకడు. కాదు పెద్దవన్నాడు ఇంకొకడు. కెల్విన్ అనే ఆయన తన బావమరిది కొడుకు ఎక్కడో చూసిన పళ్ళెం గోపురంలా ఉంటుందని, అలా వంచమన్నాడు. రేకు వంచడం గురించి నాకు చెబుతున్నాడు. ఆయన బతుకంతా కార్పెట్లు అమ్మాడు.

ఇంటికొచ్చి చిల్లులు మళ్ళీ పొడిచాను. కొంచెం పెద్దవి, ఇంకా దగ్గర దగ్గరగా. ఇంట్లో వడకడితే బంగారంలా దిగింది. మార్చిలో మళ్ళీ తీసుకెళ్ళాను. మళ్ళీ బయట కూర్చున్నాను. మళ్ళీ పిలిచారు. మళ్ళీ కుళాయి బార్లా, బక్కెట్టు ఖాళీ. ఈసారి అంచుల పక్కనుంచి పిండి దిగుతోందేమోనని రబ్బరు గొట్టం చీల్చి పళ్ళెం చుట్టూ పట్టీలా తొడిగాను. ఇంట్లో దిగింది. అంచు ఒక వెంట్రుక మందం తగ్గించాను. దిగింది. కాళ్ళు పొట్టి చేశాను, దిగింది. ఏం చేసినా దిగుతోంది. అదే నాకు పిచ్చెక్కించింది. తప్పు చేసే వస్తువుని దిద్దొచ్చు. నా ముందు ఒక్క తప్పూ చెయ్యనిదాన్ని ఎక్కడని దిద్దాలి? చేతిలో సుత్తి పట్టుకుని ఆ పళ్ళేన్ని చూస్తూ నిలబడ్డ రోజులున్నాయి.

"ఇంట్లో బుద్ధిగా ఉండి నలుగురిలోకి వెళ్ళగానే మొండికేస్తోంది" అంది గ్లెనిస్, పిప్పి కోళ్ళకి వేస్తూ. "నీ పెంపకమే."

ఆ నెలాఖరుకి మూడోసారి పెట్టించుకున్నాను. రెక్స్ అప్పటికే మొహం ముడుస్తున్నాడు. సంఘం గింజలు ఊరికే రావు కదా లిండ్సే అన్నాడు. ఆ రోజు మిసెస్ రాడా రాలేదు, చర్చిలో ఎవరిదో పెళ్ళి. ఒక్కణ్ణే కూర్చోలేక షెడ్డు చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. వెనక కిటికీ దగ్గర ఆగాను. చూడకూడదు. నియమం ప్రకారం అది తప్పే. చూశాను.

నెవ్ పెట్టె దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. జావ నానే టైము అయిపోయింది. కుళాయి మీద చెయ్యి వేశాడు, ఇంటి ముందు కారు కడగడానికి తిప్పినట్టు ఒక్క తిప్పున పూర్తిగా తిప్పేశాడు. నీళ్ళు ధారగా దూకాయి. అందరూ ఆహా అన్నారు. ఆ ధార సన్నబడింది, ఆగిపోయింది. ఆగదా మరి. అంత జోరుగా కింద నుంచి లాగేస్తే పైనున్న పొట్టుపొర మొత్తం ఒక్కసారిగా పళ్ళెం మీదికి అణిగిపోతుంది, ఇక చీమ కూడా దూరదు. అక్కడితో అయిపోలేదు. కెల్విన్ గరిటె తీసుకుని జావ కలిపేశాడు, ఉన్న పొర కాస్తా చెదిరిపోయింది. ఇంకొకడు పెట్టెని పక్కనుంచి చెప్పుకాలితో తన్నాడు. మరొకడు వంగి కుళాయికి నోరు పెట్టి ఊదాడు. రెక్స్ చేతులు కట్టుకుని, గంభీరంగా, ఇదంతా పరీక్షలో భాగమే అన్నట్టు చూస్తున్నాడు. ఆ తర్వాత అందరూ కలిసి పెట్టె చుట్టూ తలలు వంచుకుని నిలబడ్డారు. ఎవరో నన్ను పిలిచారు.

వెళ్ళాను. "మళ్ళీ పట్టేసింది బావా" అన్నాడు నెవ్.

ఏమన్నా అంటే కిటికీలోంచి చూశానని ఒప్పుకోవాలి. పళ్ళెం కడుక్కుని, బండిలో వేసుకుని ఇంటికొచ్చాను. దారి పొడుగునా ఎవరూ వినని బూతులు తిట్టాను. ఇంట్లో నేను కుళాయి ఎలా తిప్పుతానో నాకే తెలియదు అప్పటిదాకా. ఇంటికెళ్ళి చూసుకున్నాను. చీకట్లో తాళం కప్పకి చెవి పెడుతున్నట్టు, కొంచెం, ఇంకొంచెం. పావు వంతు దాటనివ్వను. నలభై ఏళ్ళు లోహంతో పనిచేసినవాడి చేతికి తొందర ఉండదు. ఆ సంగతి ఎవరికీ చెప్పాలని తోచదు, చెప్పినా ఎవరూ వినరు. నెమ్మదిగా తిప్పరా అని నెవ్‌తో అంటే నెమ్మదిగానే తిప్పాను బావా అంటాడు. వాడి నెమ్మది అది.

ఇన్నాళ్ళూ నేను గింజల కోసం పళ్ళెం దిద్దుతున్నాను. దిద్దాల్సింది మనుషుల్ని, అది నా వల్ల కాదు. కాబట్టి కుళాయిని దిద్దాను. పిడి తిరిగే దారిలో చిన్న స్టీలు మేకు అతికాను. పావు వంతు తిరిగాక పిడి వెళ్ళి ఆ మేకుకి తగిలి ఆగిపోతుంది. ఇక ఎవడు ఎంత బలంగా తిప్పినా అంతే. పట్టకారుకి దొరక్కుండా మేకు తలని గుండ్రంగా అరగదీశాను. పెట్టెకి మూత కూడా బిగించి, పైన నీళ్ళు పోసే చిన్న కంత మాత్రం ఉంచాను, గరిటె దూరకుండా.

ఈస్టర్ ముందు శనివారం, ఇదే ఆఖరు అని రెక్స్ ముందే చెప్పాడు. కెర్రీ కూడా వచ్చింది. గ్లెనిస్ ఆ పొద్దున నా డిపో పని కోసం మందపాటి చేతితొడుగులు కొని బల్ల మీద పెట్టింది. అంతే.

నేను గోడ నీడలో కూర్చున్నాను. పక్కన మిసెస్ రాడా, పేస్టీలు. కాసేపటికి లోపల్నుంచి నెవ్ అరిచాడు, కుళాయి పాడైంది, తిరగట్లేదు అని. అది అంతే తిరుగుతుంది అనబోయాను. చేసినవాడు మాట్లాడకూడదని రెక్స్ గొంతు వినిపించింది. పట్టకారు కోసం వెతుకుతున్న చప్పుడు. జారిపోతోందని విసుక్కుంటున్న చప్పుడు. ఎవడో పెట్టెని తన్నాడు. మూత ఎలా తీస్తారంటాడు కెల్విన్. నేను మోకాళ్ళ మధ్య చేతులు ఇరికించుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత ఒక్కొక్కడే బయటికి రావడం మొదలుపెట్టాడు. లోపల చూడ్డానికేం లేదు, నూలుపోగంత ధార పడుతోంది, దాన్నెంతసేపు చూస్తాం అన్నారు. పేస్టీలు తిన్నారు. ఫుట్‌బాల్ మాట్లాడుకున్నారు. నెవ్ రెండు తిన్నాడు. లోపల నా పళ్ళెం దగ్గర ఒక్క మనిషి కూడా లేడు. దానికి కావలసింది కూడా అదే.

గంట దాటాక రెక్స్ లోపలికెళ్ళి చూసి నన్ను పిలిచాడు. బక్కెట్టు అంచుదాకా నిండి ఉంది. రాగి రంగు, అడుగు కనిపించేంత తేట. సగం గోధుమ. రెక్స్ ఒక గ్లాసులో పట్టి వెలుతురుకి ఎత్తి చూసి, ఇక సంఘానికి అభ్యంతరం లేదన్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇంతసేపు పట్టింది కదా, ఎవరికీ గెలిచిన వస్తువులా అనిపించలేదు.

కెర్రీ కుళాయి పిడి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. మేకుకి తగిలినప్పుడల్లా టక్కుమంటోంది.

"పనిచేస్తోంది లిండ్సే, కాదనను. కానీ నా కొట్టులోకి వచ్చే మొదటివాడు దీన్ని తిప్పి చూసి, విరిగిందంటాడు. ఈ మేకు తీసేసి ఇవ్వు. మంగళవారానికల్లా గోడ మీద ఉంటుంది."

"మేకు తీస్తే పట్టేస్తుంది."

"పట్టేస్తే అది తిప్పినవాడి తప్పు. నీదెందుకవుతుంది?"

"వాడు నా పేరే చెబుతాడు. తన పేరు చెప్పుకోడు కదా."

నెవ్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "గ్రైండర్ బండిలోనే ఉంది బావా. రెండు నిమిషాల పని. ఇంత దూరం వచ్చి మేకు దగ్గర ఆగుతావా?"

వాడికి తెలియదు, ఆ పళ్ళెం మూడుసార్లు ఎవడి చేతిలో పట్టేసిందో. ఎప్పటికీ తెలియదు. అయినా వాడు చెప్పిందాంట్లో తప్పేం లేదు. ఊ అంటే చాలు. గోడ మీద నా పళ్ళేలుంటాయి, బల్ల మీది చేతితొడుగులు తిరిగి కొట్టుకి పోతాయి. అమ్మిన ప్రతి పళ్ళెమూ ఎవడో ఒకడి గరాజులో పట్టేసి, నా పేరు చెప్పి తన్నులు తింటుంది. తింటే తిననీ, నాకు కనబడదు కదా అని కూడా అనుకున్నాను.

"తియ్యను" అన్నాను.

కెర్రీ ఊపిరి వదిలి, అయితే నేను చెయ్యగలిగేదేం లేదు లిండ్సే అని పిడి వదిలేసింది. నెవ్ తల అడ్డంగా ఊపుతూ, మంగళవారం పొద్దున్నే డిపో తెరుస్తాను, మూసి ఉన్న బూట్లు వేసుకుని రా అన్నాడు. రెక్స్ నేల చూశాడు. నేను పెట్టెలోంచి పళ్ళెం బయటికి తియ్యడానికి వంగాను.

"ఆగు లిండ్సే" అంది మిసెస్ రాడా. ఖాళీ ట్రే చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మగవాళ్ళు తప్పుకుని దారిచ్చారు. ఆవిడ వచ్చి కుళాయి చూసింది, బక్కెట్టు చూసింది. "దీన్ని మొదలుపెట్టేసి నేను ప్రార్థనకి వెళ్ళి రావచ్చునా?"

"రావచ్చు మిసెస్ రాడా."

"ఏమీ ఎత్తక్కర్లేదా?"

"అక్కర్లేదు. పిప్పి చల్లారాక మూత విప్పి గరిటెతో తోడుకోవచ్చు."

"మధ్యలో ఎవరైనా వచ్చి ఆ పిడి తిప్పితే?"

"తిరగదండి."

ఆవిడ తలెత్తి అక్కడున్న మగవాళ్ళని ఒక్కొక్కళ్ళనీ చూసింది, ఆదివారం బడిలో ఎవడు సుద్దముక్క విసిరాడో అని చూసినట్టు. అందరూ ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే.

"అయితే మా వంటగదికి ఒకటి చెయ్యి నాయనా. హేజల్ ఇంటికి విడిగా ఇంకొకటి. వాళ్ళాయనా వీళ్ళలాంటివాడే."

కెర్రీ సంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. మీ చర్చిలో స్వాంకీ కాచే ఆడవాళ్ళు ఎంతమంది ఉంటారండీ అని అడిగింది. మన చర్చిలోనా, లేక పోర్టు దాకా ఉన్న చర్చిలన్నీ కలిపా అని మిసెస్ రాడా ఎదురడిగింది. ఇద్దరూ మాట్లాడుకుంటూ బయటికి వెళ్ళారు. నన్నెవరూ ఏమీ అడగలేదు. చేసినవాడు చెయ్యి పెట్టకూడదు కదా.

నిజం చెప్పాలంటే నాకేం సంతోషం కలగలేదు అప్పుడు. నేను మెప్పించాలనుకున్నది ఈ సంఘంవాళ్ళని. ఫిబ్రవరి నుంచి నిద్రలో కూడా వీళ్ళ మొహాలే. చివరికి నా పళ్ళెం కొనేది తాము కాచేది బీరే కాదనే ముసలమ్మలు. ఇంటికెళ్ళి గ్లెనిస్‌తో అదే చెప్పి విసుక్కున్నాను. నువ్వు ఎవరి కోసం చేశావో వాళ్ళకి అక్కర్లేదు, ఎవరికి కావాలో వాళ్ళు అడిగారు, ఇందులో ఏడవడానికేముంది అంది. చేతితొడుగులు మాత్రం తిరిగి ఇవ్వలేదు, గులాబీలు కత్తిరించడానికి తనే ఉంచుకుంది.

ఈస్టర్ వెళ్ళాక మంగళవారం నేను మా షెడ్డులో రేకు కోస్తున్నాను. బయట నెవ్ పికప్ బండి ఆగింది. పనికెందుకు రాలేదని అడగడానికొచ్చాడనుకున్నాను. వాడు వెనక తలుపు దించి, ఒక ఐస్‌పెట్టె చూపించాడు. పొగలు కక్కుతోంది. ఆ రోజు నేను పరీక్షకి తెచ్చిన పళ్ళెం, కుళాయి కెర్రీ నమూనాగా ఉంచుకుంటే, నెవ్ ఆవిడ వెంటపడి కొనుక్కున్నాడట. మేకు గ్రైండర్‌తో లేపేశాడు. తళతళలాడే మచ్చ కనిపిస్తోంది.

"పట్టేసింది బావా" అన్నాడు. "నువ్వు చేసిందే కదా. చూడు."

నేను గొట్టం తెచ్చి కుళాయికి తగిలించి, కింద నుంచి కొంచెం కొంచెంగా వేడినీళ్ళు ఎక్కించాను. కాసేపటికి అణిగిపోయిన పొర పులిసిన పిండిలా పైకి లేచి వదులైంది. గొట్టం తీసి, కుళాయి పావు వంతు తిప్పాను. సన్నటి ధార మొదలైంది. మొదట మురికిగా, తర్వాత తేటగా.

"ఎంతసేపు పడుతుంది?"

"గంట."

"డిపో మూసి వచ్చాను" అన్నాడు. బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. నేను రేకు కోసుకుంటున్నాను, కంటి చివర్నుంచి వాడి చేతుల్ని చూస్తూ. కాసేపటికి వాడు అడిగాడు, "అయితే నువ్వు డిపోకి రానట్టేనా?"

"చర్చివాళ్ళవి పండగలోపు ఇవ్వాలి. ఆ తర్వాత పోర్టువాళ్ళవి. రాను."

"తెల్లసీసాలవైపు ఎవర్ని పెట్టను మరి?"

వాడి మొహం నిజంగానే వేలాడింది. వాడికి నేను అక్కడ కావాల్సింది జాలితో కాదని, ఏరడం వాడికి చేతకాదని, తొందరలో ఆకుపచ్చవీ గోధుమరంగువీ అన్నీ ఒకే తొట్లో వేసేస్తాడని, ఫ్యాక్టరీవాళ్ళు తొట్లు తిప్పి పంపిస్తున్నారని ఆ పూట తెలిసింది. మూడు నెలల నుంచి ఈ ముక్క ఒక్కసారి కూడా చెప్పలేదు వెధవ. చెప్పి ఉంటే కొంచెం మర్యాదగా కాదనేవాణ్ణి.

హేజల్ వాళ్ళాయన్ని అడిగి చూడమన్నాను. ఇంట్లో ఎలాగూ ఇక ఆయన అవసరం ఉండదు.

నెవ్ దాని గురించి ఆలోచిస్తూ కుళాయివైపు చెయ్యి చాపాడు. రేకు కత్తెర బల్ల మీద పెట్టి వాడివైపు చూశాను. వాడు చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.